యూనిట్ - 7: స్వతంత్ర ఆడిట్‌కు కంపెనీని సిద్ధం చేయడం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 ఎవరి బాధ్యత ఏది?
7.3 సత్యం కంప్యూటర్స్ ఉదంతం నేర్పే పాఠం
7.4 సంవత్సరాంతానికి ముందు చేయవలసిన పనులు
7.5 బ్యాంకు నిల్వల సమన్వయం - ఒక ఉదాహరణ
7.6 సరుకు నిల్వ లెక్కింపు
7.7 ఋణగ్రస్తులు, ఋణదాతలు, చట్టబద్ధ చెల్లింపులు
7.8 ఆడిట్ జరిగే రోజుల్లో
7.9 ఆధారం దొరకనప్పుడు
7.10 సారాంశం
7.11 ముఖ్య పదాలు
7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు.

• ఆర్థిక నివేదికల విషయంలో యాజమాన్యానికి, ఆడిటర్‌కు ఉన్న బాధ్యతల మధ్య తేడా
• కంపెనీ లోపలి ఆధారానికి, బయటి ఆధారానికి మధ్య తేడా
• బ్యాంకు నిల్వలు, సరుకు నిల్వలు, బాకీలు మొదలైన వాటిని ఆడిట్‌కు సిద్ధం చేసే విధానం
• ఆధారపత్రాలు లేనప్పుడు అకౌంటెంట్ అనుసరించవలసిన పద్ధతి

7.1 పరిచయం

మార్చి నెల వచ్చిందంటే చాలా కార్యాలయాల్లో హడావుడి మొదలవుతుంది. ఏడాదంతా అట్టపెట్టెల్లో పడి ఉన్న బిల్లులు బయటికి వస్తాయి. ఫైళ్లకు కొత్త అట్టలు వేస్తారు. సంతకాలు లేని వోచర్ల మీద సంతకాలు చేయిస్తారు. దీన్నే ఆడిట్‌కు సిద్ధం కావడం అని చాలామంది భావిస్తారు.

ఇది పొరపాటు అభిప్రాయం. ఆడిటర్ ఫైలు అందంగా ఉందా లేదా అని చూడడు. పుస్తకంలో రాసిన అంకె నిజమేనా, అది నిజమని చెప్పే ఆధారం ఎక్కడ ఉంది అని చూస్తాడు. కాబట్టి ఆడిట్‌కు సిద్ధం కావడం అంటే, పుస్తకాల్లోని ప్రతి ముఖ్యమైన అంకెను కంపెనీతో సంబంధం లేని వ్యక్తి కూడా స్వయంగా సరిచూసుకునే స్థితిలో ఉంచడం. ఈ యూనిట్‌లో మనం చర్చించే పనులన్నీ ఈ ఒక్క సూత్రం నుంచి వచ్చినవే.

7.2 ఎవరి బాధ్యత ఏది?

ఆస్తి అప్పుల పట్టీని, లాభనష్టాల నివేదికను ఆడిటర్ తయారు చేస్తాడని చాలామంది అనుకుంటారు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం ఆ బాధ్యత కంపెనీది. ఈ చట్టంలోని కొన్ని ముఖ్యమైన సెక్షన్లను గుర్తుంచుకోండి.

సెక్షన్ 128: కంపెనీ జంటపద్దు విధానంలో, సంచయ ప్రాతిపదికన ఖాతా పుస్తకాలు రాయాలి. వాటిని, సంబంధిత వోచర్లను కనీసం 8 ఆర్థిక సంవత్సరాల పాటు భద్రపరచాలి.

సెక్షన్ 129: ఆర్థిక నివేదికలు కంపెనీ పరిస్థితిని యథార్థంగా, సముచితంగా చూపాలి. వాటి నమూనా షెడ్యూలు 3లో ఉంది.

సెక్షన్ 134: ఆర్థిక నివేదికలను డైరెక్టర్ల బోర్డు ఆమోదించాలి. తగిన గణక విధానాలను అనుసరించామని, ఆస్తుల రక్షణకు, మోసాల నివారణకు తగిన శ్రద్ధ తీసుకున్నామని డైరెక్టర్లు తమ బాధ్యతా ప్రకటనలో తెలపాలి.

సెక్షన్ 143: ఆడిటర్‌కు ఖాతా పుస్తకాలను, వోచర్లను ఎప్పుడైనా చూసే హక్కు ఉంది. అవసరమైన వివరణలను అధికారుల నుంచి అడిగి తీసుకునే హక్కు కూడా ఉంది.

సెక్షన్ 144: ఆడిటర్ తాను ఆడిట్ చేసే కంపెనీకి ఖాతాలు రాసిపెట్టడం, అంతర్గత ఆడిట్ చేయడం వంటి సేవలు అందించరాదు.

చివరి నిబంధన వెనుక ఉన్న కారణం తేలికగానే అర్థమవుతుంది. తాను రాసిన లెక్కను తానే తనిఖీ చేసేవాడు స్వతంత్రుడు కాడు. చిన్న కంపెనీల్లో "ఆడిటర్ గారే అన్నీ చూసుకుంటారు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆడిటర్ అన్నీ చూసుకుంటే, ఆయన చూసుకున్నవాటిని చూసేవాడు ఉండడు.

7.3 సత్యం కంప్యూటర్స్ ఉదంతం నేర్పే పాఠం

హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతం ఆడిటింగ్ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన విషయం. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ బి. రామలింగరాజు బోర్డుకు ఒక లేఖ రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి ఆస్తి అప్పుల పట్టీలో నగదు, బ్యాంకు నిల్వలు రూ. 5,361 కోట్లుగా చూపామని, అందులో రూ. 5,040 కోట్లు అసలు లేవని అందులో పేర్కొన్నారు. రాని వడ్డీని వచ్చినట్లు చూపడం, అప్పులను తక్కువగా, ఋణగ్రస్తులను ఎక్కువగా చూపడం కూడా ఆ లేఖలోని అంశాలే.

అది చిన్న కంపెనీ కాదు. దాని వాటాలు భారతదేశంలోనే కాక న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ నమోదయ్యాయి. పేరున్న ఆడిట్ సంస్థ ఏటా దాని లెక్కలను తనిఖీ చేసింది. కావలసిన కాగితాలూ ఉన్నాయి. అయినా ఇంత పెద్ద లోటు బయటపడలేదు. ఎందుకు?

2011 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజి కమిషన్ ఆ ఆడిట్ సంస్థలపై ఇచ్చిన ఉత్తర్వులో ఇందుకు ఒక ముఖ్యమైన కారణం కనిపిస్తుంది. బ్యాంకులకు నిర్ధారణ లేఖలు పంపడం, వాటికి జవాబులు తెప్పించుకోవడం అనే పనిని ఆడిట్ సిబ్బంది తమ చేతుల్లో ఉంచుకోకుండా కంపెనీకే వదిలేశారని కమిషన్ తేల్చింది. అంటే, బయటి నుంచి నేరుగా రావలసిన ఆధారం కంపెనీ చేతుల మీదుగా వచ్చింది. అలా వచ్చినప్పుడు అది బయటి ఆధారం అనే విలువను కోల్పోతుంది.

ఈ పాఠం ఆడిటర్‌కే పరిమితం కాదు. నిజాయతీగా నడిచే కంపెనీ కూడా దీన్ని గ్రహించాలి. "బ్యాంకు సర్టిఫికెట్ మేమే తెచ్చి ఇస్తాం, మీకెందుకు శ్రమ?" అని మర్యాద కోసం అన్నా అది ఆడిట్‌ను బలహీనపరుస్తుంది. ఆడిటర్ నేరుగా బ్యాంకును అడగడానికి దారి సుగమం చేయడమే కంపెనీ చేయవలసిన పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. ఖాతా పుస్తకాలను ఎన్ని ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి?
2. బ్యాంకు నిర్ధారణ లేఖకు జవాబు కంపెనీకి కాక ఆడిటర్‌కు నేరుగా ఎందుకు రావాలి?

7.4 సంవత్సరాంతానికి ముందు చేయవలసిన పనులు

ఇక్కడి నుంచి ఒక ఊహాత్మక ఉదాహరణను వెంట తీసుకువెళ్దాం. గుంటూరు ప్రాంతంలో కారం పొడి తయారుచేసే ఒక ప్రైవేటు కంపెనీ ఉందనుకోండి. రైతుల నుంచి, వ్యాపారుల నుంచి మిరపకాయలు కొంటుంది. కొంత సరుకును మిల్లులో, ఎక్కువ భాగాన్ని అద్దెకు తీసుకున్న కోల్డ్ స్టోరేజీల్లో ఉంచుతుంది. పొడిని ప్యాకెట్లలో నింపి టోకు వ్యాపారులకు అరువు మీద అమ్ముతుంది. దీని ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది.

కంపెనీ వార్షిక సర్వసభ్య సమావేశాన్ని ఆర్థిక సంవత్సరం ముగిసిన 6 నెలల్లోగా, అంటే సెప్టెంబరు 30లోగా జరపాలి. సాధారణంగా సమావేశపు నోటీసు, ఆర్థిక నివేదికల ప్రతులు సభ్యులకు 21 రోజుల ముందుగా అందాలి. అంటే ఆడిట్ నివేదిక ఆగస్టు చివరికి సిద్ధం కావాలి. సమావేశం జరిగిన 30 రోజుల్లోగా ఆర్థిక నివేదికలను కంపెనీల రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. ఈ తేదీల నుంచి వెనక్కి లెక్క వేసుకుంటే పని ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేయవలసిన పనులు:

1. గత సంవత్సరపు ఆడిట్ నివేదికను మళ్లీ చదవాలి. అందులో ఎత్తి చూపిన లోపాల్లో ఏవి సరిదిద్దారో, ఏవి మిగిలాయో రాసి పెట్టుకోవాలి.
2. అనామతు ఖాతాలో మిగిలిన మొత్తాలను ఒక్కొక్కటిగా పరిష్కరించాలి.
3. స్థిరాస్తుల రిజిస్టరులోని ప్రతి యంత్రం నిజంగా ఉందో లేదో చూడాలి. అమ్మేసిన, పాడైపోయిన యంత్రాల మీద తరుగుదల ఇంకా లెక్కిస్తున్నారేమో గమనించాలి.
4. డైరెక్టర్లు, వారి బంధువులు, వారికి సంబంధించిన సంస్థలతో జరిగిన వ్యవహారాల జాబితా తయారు చేయాలి.
5. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్పుల నమోదు సౌకర్యం ఏడాది పొడవునా పనిచేసిందని నిర్ధారించుకోవాలి.

అయిదో అంశాన్ని కొంచెం వివరంగా చూద్దాం. 2023 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు సంబంధించి, కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి పద్దునూ, దానిలో చేసిన ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేయాలి. ఆ సౌకర్యాన్ని ఆపివేయడానికి వీలుండకూడదు. ఈ నిబంధన పాటించారా లేదా అని ఆడిటర్ తన నివేదికలో చెప్పాలి. కాబట్టి జూన్‌లో రాసి మార్చి తేదీ వేసిన పద్దు, జూన్‌లో రాసినదిగానే కనిపిస్తుంది.

7.5 బ్యాంకు నిల్వల సమన్వయం - ఒక ఉదాహరణ

మన కారం కంపెనీ నగదు పుస్తకంలో మార్చి 31న బ్యాంకు నిల్వ రూ. 18,40,000 ఉంది. అదే రోజున బ్యాంకు స్టేట్‌మెంటులో రూ. 19,90,000 ఉంది. తేడా రూ. 1,50,000. పరిశీలిస్తే కింది విషయాలు తేలాయి.

• జారీ చేసినా ఇంకా చెల్లింపునకు రాని చెక్కులు: రూ. 2,65,000
• బ్యాంకులో జమకు వేసినా ఇంకా వసూలు కాని చెక్కు: రూ. 1,50,000
• బ్యాంకు తీసుకున్న చార్జీలు, పుస్తకంలో రాయనివి: రూ. 5,000
• ఖాతాదారు నేరుగా బ్యాంకులో జమ చేసినది, పుస్తకంలో రాయనిది: రూ. 40,000

మొదట పుస్తకంలో రాయవలసినవి రాయాలి.

నగదు పుస్తకం ప్రకారం నిల్వ: 18,40,000
కలపండి: నేరుగా జమ అయిన మొత్తం: 40,000
తీసివేయండి: బ్యాంకు చార్జీలు: 5,000
సవరించిన నిల్వ: 18,75,000

ఆస్తి అప్పుల పట్టీలో చూపవలసిన నిల్వ ఇదే. ఇప్పుడు సమన్వయ పట్టిక తయారు చేయాలి.

సవరించిన నిల్వ: 18,75,000
కలపండి: చెల్లింపునకు రాని చెక్కులు: 2,65,000
తీసివేయండి: వసూలు కాని చెక్కు: 1,50,000
బ్యాంకు స్టేట్‌మెంటు ప్రకారం నిల్వ: 19,90,000

లెక్క సరిపోయింది. కాని ఇక్కడితో పని పూర్తి కాలేదు. మొత్తం తేడా, వసూలు కాని చెక్కు రెండూ రూ. 1,50,000 కావడం కేవలం యాదృచ్ఛికం. తేడాకు సమానమైన అంకె దొరికింది కదా అని వెతకడం ఆపేస్తే మిగిలిన మూడు అంశాలు కనిపించవు.

మరొక విషయం. ఆ రూ. 1,50,000 చెక్కు ఏప్రిల్‌లో ఏ తేదీన బ్యాంకులో జమ అయింది? ఏప్రిల్ నెల స్టేట్‌మెంటును కూడా జతచేసి, ఆ తేదీని పట్టికలో చెక్కుకు ఎదురుగా రాయాలి. చెక్కు తిరిగి వచ్చి ఉంటే అది బ్యాంకు నిల్వ కాదు, ఋణగ్రస్తుని బాకీ. సమన్వయ పట్టికలో లెక్క కుదరడం ఒక ఎత్తు, అందులోని ప్రతి అంశం తరవాతి నెలలో తేలడం మరొక ఎత్తు. ఆడిటర్ రెండోదాన్నే ముఖ్యంగా చూస్తాడు.

7.6 సరుకు నిల్వ లెక్కింపు

సరుకు నిల్వ విలువ మారితే లాభం మారుతుంది. ముగింపు నిల్వను రూ. 10 లక్షలు ఎక్కువగా చూపితే ఆ ఏడాది లాభం కూడా రూ. 10 లక్షలు ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే నిల్వ విలువ గణనీయంగా ఉన్నప్పుడు, వీలైనంత వరకు ఆడిటర్ స్వయంగా లెక్కింపు దగ్గర ఉండాలని ఆడిటింగ్ ప్రమాణం 501 చెబుతుంది. కంపెనీ చేయవలసిన ఏర్పాట్లు ఇవి.

1. లెక్కింపు తేదీని ఆడిటర్‌కు ముందుగా తెలపాలి.
2. లెక్కింపు జరిగేటప్పుడు సరుకు రాకపోకలను ఆపాలి. ఆపలేకపోతే కదిలిన సరుకును విడిగా రాయాలి.
3. గోదాము బాధ్యుడితో పాటు, ఆ గోదాముతో సంబంధం లేని మరొకరు కూడా లెక్కించాలి.
4. వరుస సంఖ్యలు ముందే ముద్రించిన కాగితాల మీద లెక్క రాయాలి. రాయని కాగితాలను కూడా తిరిగి తీసుకోవాలి.
5. చివరగా వచ్చిన సరుకు రశీదు సంఖ్యను, చివరగా పంపిన సరుకు ఇన్‌వాయిస్ సంఖ్యను రాసి పెట్టాలి. మార్చిలో అందిన సరుకు బిల్లు ఏప్రిల్‌లో నమోదైతే లాభం తప్పుగా వస్తుంది.
6. పాడైన, రంగు మారిన సరుకును విడిగా చూపాలి. నిల్వను కొన్న ఖర్చు, నికరంగా రాగల అమ్మకపు విలువ - ఈ రెండింటిలో ఏది తక్కువైతే ఆ విలువకు లెక్కించాలి.

కోల్డ్ స్టోరేజీల్లో ఉన్న మిర్చి టిక్కీల సంగతి ఏమిటి? అవి మూడో వ్యక్తి దగ్గర ఉన్న సరుకు. కంపెనీ దగ్గరున్న రశీదులు మాత్రమే చాలవు. ఎన్ని టిక్కీలు ఉన్నాయి, అవి ఎవరి పేరున ఉన్నాయి, వాటి మీద ఏ బ్యాంకైనా అప్పు ఇచ్చిందా అని కోల్డ్ స్టోరేజీ యజమాని ఆడిటర్‌కు నేరుగా రాసి ఇవ్వాలి.

2020 నాటి కంపెనీల ఆడిటర్ నివేదిక ఉత్తర్వు, అంటే కారో 2020, వర్తించే కంపెనీల్లో మరో రెండు విషయాలు చూసుకోవాలి. ఏదైనా ఒక తరగతి సరుకులో భౌతిక లెక్కింపునకు, పుస్తకాలకు మధ్య మొత్తం మీద 10 శాతం లేదా అంతకు మించి తేడా వస్తే, దాన్ని పుస్తకాల్లో సరిచేశారా అన్నది ఆడిటర్ నివేదించాలి. సరుకు, బాకీలు వంటి చరాస్తుల హామీ మీద బ్యాంకుల నుంచి రూ. 5 కోట్లకు మించి నిర్వహణ మూలధన పరిమితి మంజూరై ఉంటే, బ్యాంకుకు ప్రతి త్రైమాసికంలో ఇచ్చిన స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోతున్నాయా అన్నది కూడా చెప్పాలి. బ్యాంకుకు ఒక అంకె, ఆడిటర్‌కు ఒక అంకె ఇచ్చే అలవాటు ఇక్కడ బయటపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. సమన్వయ పట్టికలోని వసూలు కాని చెక్కును ఆడిటర్ ఎలా సరిచూస్తాడు?
2. ముగింపు సరుకును తక్కువగా చూపితే లాభం ఏమవుతుంది?

7.7 ఋణగ్రస్తులు, ఋణదాతలు, చట్టబద్ధ చెల్లింపులు

ఋణగ్రస్తులు: బాకీలను వయసు ప్రకారం విభజించాలి. షెడ్యూలు 3 ప్రకారం 6 నెలల లోపు, 6 నెలల నుంచి 1 సంవత్సరం, 1-2 సంవత్సరాలు, 2-3 సంవత్సరాలు, 3 సంవత్సరాలకు పైబడినవి అని చూపాలి. పాత బాకీ పక్కన అది ఎందుకు రాలేదో, వస్తుందన్న నమ్మకానికి ఆధారం ఏమిటో రాయాలి. నిర్ధారణ లేఖల మీద కంపెనీ సంతకం ఉంటుంది. కాని ఎవరికి పంపాలో ఎంచుకునేది, పంపేది, జవాబు అందుకునేది ఆడిటరే. ఇది ఆడిటింగ్ ప్రమాణం 505లోని ప్రధానాంశం.

ఋణదాతలు: ఇక్కడ ఉన్న బాకీని దాచడం ప్రమాదం. మార్చి నెల కరెంటు బిల్లు, హమాలీల కూలి, కోల్డ్ స్టోరేజీ అద్దె ఏప్రిల్‌లో చెల్లించినా అవి మార్చి ఖర్చులే. సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లించవలసిన బాకీలను విడిగా చూపాలి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా వారికి చెల్లించే గడువు 45 రోజులకు మించరాదు.

చట్టబద్ధ చెల్లింపులు: జి.ఎస్.టి. రిటర్నుల్లో చూపిన అమ్మకాలు, పుస్తకాల్లోని అమ్మకాలు సరిపోవాలి. ఉద్యోగుల భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ., మూలం వద్ద మినహాయించిన పన్ను చెల్లించిన చలానాలను నెలవారీగా అమర్చాలి. వివాదం లేని బకాయి 6 నెలలకు మించి మిగిలితే, కారో వర్తించే కంపెనీల్లో ఆడిటర్ దాన్ని నివేదికలో చూపాలి.

7.8 ఆడిట్ జరిగే రోజుల్లో

ఆడిటర్ బృందంతో మాట్లాడడానికి విషయం తెలిసిన ఒక వ్యక్తిని నియమించాలి. అడిగిన కాగితం, అడిగిన తేదీ, ఇచ్చిన తేదీ ఒక పుస్తకంలో రాయాలి. అయితే ఆ వ్యక్తి ద్వారా తప్ప మరెవరితోనూ ఆడిటర్లు మాట్లాడరాదని ఆంక్ష పెట్టకూడదు. గోదాము గుమాస్తాను నేరుగా ప్రశ్నించడం కూడా ఆడిట్‌లో భాగమే.

ఆడిట్ చివరలో యాజమాన్యం ఒక రాతపూర్వక ప్రకటన ఇస్తుంది. మాకు తెలిసిన సమాచారమంతా ఇచ్చామని, తెలిసిన మోసాలను, వ్యాజ్యాలను తెలియజేశామని అందులో ఉంటుంది. ఈ ప్రకటన ఇతర ఆధారాలకు ప్రత్యామ్నాయం కాదు. చదవకుండా సంతకం చేయవలసిన కాగితమూ కాదు.

ఆడిటర్ అభిప్రాయం నాలుగు రకాలుగా ఉండవచ్చు.

1. స్వచ్ఛమైన అభిప్రాయం: నివేదికలు యథార్థంగా, సముచితంగా ఉన్నాయి.
2. షరతులతో కూడిన అభిప్రాయం: ఫలానా అంశం తప్ప మిగిలినవి సరిగా ఉన్నాయి.
3. ప్రతికూల అభిప్రాయం: తప్పులు నివేదికలన్నింటినీ ప్రభావితం చేసేంత విస్తృతంగా ఉన్నాయి.
4. అభిప్రాయ నిరాకరణ: అభిప్రాయం చెప్పడానికి తగిన ఆధారాలు లభించలేదు.

నాలుగో రకాన్ని గమనించండి. కంపెనీ లెక్కల్లో తప్పు ఉందని ఆడిటర్ నిరూపించకపోయినా, సరైనవని తేల్చే ఆధారాలు లేకపోతే ఇది రావచ్చు. అప్పు ఇచ్చే బ్యాంకుకు అలాంటి నివేదిక మీద నమ్మకం కలగదు. బ్యాంకు పరిమితిని తగ్గిస్తే మన కారం కంపెనీ పంట చేతికొచ్చే కాలంలో మిరపకాయలు కొనలేదు. నిజాయతీ ఉండి ఆధారాలు భద్రపరచుకోని కంపెనీకి కలిగే నష్టం ఇది.

7.9 ఆధారం దొరకనప్పుడు

మీలో చాలామంది చదువుకుంటూనే అకౌంటెంట్లుగా పనిచేస్తూ ఉండవచ్చు. కాబట్టి ఈ పరిస్థితి మీకు ఎదురయ్యే అవకాశం ఉంది. రూ. 80,000 మరమ్మతు ఖర్చుకు బిల్లు దొరకడం లేదు. "ఒక బిల్లు రాసి పెట్టెయ్" అని పైవారు అంటారు. డబ్బు నిజంగానే ఖర్చయింది కాబట్టి ఇందులో తప్పేముందని అనిపించవచ్చు.

తప్పు ఖర్చులో లేదు, పత్రంలో ఉంది. కొత్తగా సృష్టించిన పాత తేదీ బిల్లు కల్పిత పత్రం అవుతుంది. అది బయటపడితే నిజమైన బిల్లుల మీద కూడా అనుమానం వస్తుంది. మోసం జరుగుతున్నదని నమ్మడానికి ఆడిటర్‌కు కారణం కనిపిస్తే సెక్షన్ 143 ప్రకారం నివేదించాలి. మోసం మొత్తం రూ. 1 కోటి లేదా అంతకు మించితే కేంద్ర ప్రభుత్వానికి, తక్కువైతే బోర్డుకు లేదా ఆడిట్ కమిటీకి తెలపాలి. మోసానికి సెక్షన్ 447 కింద జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. పైవారు చెప్పారన్న కారణం, కాగితం రాసిన వ్యక్తిని కాపాడుతుందని అనుకోరాదు.

సరైన పద్ధతి ఇది:

• బిల్లు దొరకలేదని ఒక నోటు రాసి, దాని మీద ఈ రోజు తేదీ వేయాలి.
• సరఫరాదారుని అడిగి నకలు బిల్లు తీసుకోవాలి. దాని మీద నకలు అని స్పష్టంగా ఉండాలి.
• చెల్లింపు జరిగిన బ్యాంకు పద్దును, మరమ్మతు జరిగినట్లు చూపే యంత్రం రిజిస్టరు పేజీని జతచేయాలి.
• ఆ చెల్లింపును మంజూరు చేసిన అధికారి సంతకం తీసుకోవాలి.
• ఆడిటర్ అడగక ముందే ఈ లోపాన్ని ఆయన దృష్టికి తేవాలి.

ఇలా చేస్తే ఆ ఒక్క అంశం మీద ఆడిటర్ వ్యాఖ్య రాయవచ్చు, రాయకపోవచ్చు. పుస్తకాల మీద నమ్మకం మాత్రం నిలుస్తుంది.

7.10 సారాంశం

ఆర్థిక నివేదికలు తయారుచేసే బాధ్యత కంపెనీది, వాటి మీద స్వతంత్ర అభిప్రాయం చెప్పే బాధ్యత ఆడిటర్‌ది. సిద్ధం కావడం అంటే అంకెలను బయటివారు సరిచూసుకునే వీలు కల్పించడం. బ్యాంకు, కోల్డ్ స్టోరేజీ, ఋణగ్రస్తుల నుంచి వచ్చే ఆధారం నేరుగా ఆడిటర్‌కు చేరాలి. సమన్వయ పట్టికలోని అంశాలు తరవాతి నెలలో తేలాలి. సరుకును క్రమపద్ధతిలో లెక్కించాలి. ఆధారం లేని చోట లేదని చెప్పాలి, కల్పించరాదు. ఈ పనులు నెలనెలా జరిగే కంపెనీకి మార్చిలో హడావుడి ఉండదు.

7.11 ముఖ్య పదాలు

బయటి ఆధారం: కంపెనీతో సంబంధం లేని వ్యక్తి లేదా సంస్థ నుంచి లభించే రుజువు.
నిర్ధారణ లేఖ: నిల్వ లేదా బాకీ ఎంతో తెలపమని మూడో వ్యక్తిని కోరే లేఖ.
అనామతు ఖాతా: ఏ ఖాతాకు చెందినదో తేలే వరకు మొత్తాలను తాత్కాలికంగా ఉంచే ఖాతా.
సంచయ ప్రాతిపదిక: నగదు చేతులు మారిన తేదీతో నిమిత్తం లేకుండా, ఆదాయవ్యయాలు ఏ కాలానికి చెందితే ఆ కాలంలోనే నమోదు చేసే పద్ధతి.

7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సరుకు నిల్వ లెక్కింపునకు కంపెనీ చేయవలసిన ఏర్పాట్లను వివరించండి.
2. సత్యం కంప్యూటర్స్ ఉదంతం ఆధారంగా బయటి ఆధారం ప్రాముఖ్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆడిటర్ అభిప్రాయాల్లోని రకాలను తెలపండి.
2. బిల్లు దొరకనప్పుడు అకౌంటెంట్ ఏం చేయాలి?

III. లెక్క చేయండి.
నగదు పుస్తకం ప్రకారం బ్యాంకు నిల్వ రూ. 6,20,000. చెల్లింపునకు రాని చెక్కులు రూ. 90,000. వసూలు కాని చెక్కులు రూ. 60,000. పుస్తకంలో రాయని బ్యాంకు చార్జీలు రూ. 2,000. సవరించిన నిల్వను, బ్యాంకు స్టేట్‌మెంటు ప్రకారం నిల్వను కనుక్కోండి.
(జవాబు: రూ. 6,18,000, రూ. 6,48,000)